తెరవగానే మూసుకుపోయే సెట్టింగ్స్: లినక్స్‌లో తప్పు వెతికే పద్ధతి



హసన్‌పర్తి హాస్టల్‌లో ఉన్న రోజుల్లో రాత్రి స్టడీ అవర్‌లో కరెంటు పోతే మేము మొదట చేసే పని ఒకటుండేది. వరండాలోకి వచ్చి చుట్టూ చూసేవాళ్ళం. పక్క గదిలో లైటు వెలుగుతుంటే తప్పు మా గది బల్బుదో, హోల్డరుదో. గదుల వరుసంతా చీకటైతే ఫ్యూజు పోయినట్టు. ఊరివైపు కూడా ఒక్క దీపం కనపడకపోతే అది లైను సంగతి. ఇక కందిలి వెలిగించుకోవడమే. గదిలోనా, వరుసలోనా, ఊరిలోనా అని తేల్చుకోకుండా ఎవరూ స్టూలెక్కి బల్బు ఊడదీసేవారు కాదు.

తర్వాత కంప్యూటర్ల పనిలో పడ్డాక నాకు అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఈ వరండా పాఠమే. లినక్స్‌లో సెట్టింగ్స్ ప్రోగ్రామ్ మాటిమాటికీ కుప్పకూలిపోతుంటే ఏం చేయాలో ఈ వ్యాసంలో ఆ పద్ధతిలోనే చెబుతాను.

ఒక రాత్రి వచ్చిన ఫోను

మన హాస్టల్‌లో పదో తరగతి వరకు చదివి, ఇప్పుడు డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు రాత్రి తొమ్మిది గంటలకు ఫోన్ చేశాడు.

"అన్నా, ల్యాప్‌టాప్‌ల సెట్టింగ్స్ తెరుస్తుంటే ఒక్క చిటికెల మాయమైతున్నది. పదిసార్లు కొట్టిన, పదిసార్లు గట్లనే. ఇక్కడ నెట్టు కావాల్నంటే అండ్ల చిరునామా నంబర్లు ఎక్కియ్యాలె. రేపే స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఆఖరి రోజు. మొత్తం ఫార్మాట్ కొట్టాల్నని ఒకాయన చెప్పిండు. నా ప్రాజెక్టు పనంత అండ్లనే ఉన్నదన్నా. నేనే ఏదో ఖరాబు చేసిన."

అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్. అందులో ఉబుంటు లినక్స్ ఉంది. అతని మాటల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది చివరి వాక్యమే. ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ ముట్టినవాళ్ళం మనం. ఏది ఆగిపోయినా మన చెయ్యి తగిలే ఆగిందనుకుంటాం. ఆ భయం ఉన్నంతసేపు కళ్ళ ముందున్నది కూడా చదవలేం. అందుకే అతనితో మొదట ఒక్క మాటే అన్నాను: "ఏం ఖరాబు కాలేదు. మూతపడ్డది తలుపు, ఇల్లు కాదు."

సెట్టింగ్స్ అంటే ఏమిటి?

ఆ మాట ధైర్యం కోసం చెప్పింది కాదు, సాంకేతికంగా నిజం. లినక్స్‌లో వ్యవస్థకు సంబంధించిన అమరికలు చాలావరకు ఫైళ్ళలో ఉంటాయి. యంత్రం మొత్తానికి చెందినవి 'ఈటీసీ' అనే డైరెక్టరీలో ఉంటాయి. వాడుకరి సొంత అమరికలు అతని హోమ్ డైరెక్టరీలో 'డాట్ కాన్ఫిగ్', 'డాట్ లోకల్' వంటి దాగిన ఫోల్డర్లలో ఉంటాయి. తెర మీద బొమ్మలతో కనిపించే సెట్టింగ్స్ ప్రోగ్రామ్ ఆ అమరికలను మన కోసం చదివి, మార్చి, తిరిగి రాసే గుమాస్తా మాత్రమే. గుమాస్తాకు జ్వరమొచ్చినంత మాత్రాన రిజిస్టరు కాలిపోదు.

ఈ గుమాస్తాలు పలు రకాలు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్ అసలు పేరు 'గ్నోమ్-కంట్రోల్-సెంటర్'. కేడీఈలో 'సిస్టమ్‌సెట్టింగ్స్'. 2000 దశకంలో రెడ్ హ్యాట్, ఫెడోరాల్లో 'సిస్టమ్-కాన్ఫిగ్' అని మొదలయ్యే చిన్న చిన్న సాధనాలుండేవి. వాటిలో చాలావాటిని పైథాన్ భాషలో రాశారు. సూసే లినక్స్‌లో ఏళ్ళ తరబడి 'యాస్ట్' ప్రసిద్ధి. దాన్ని బొమ్మల తెర మీదా, ఉత్త అక్షరాల తెర మీదా నడిపే వీలుండేది. అంటే ఒకే ఇంటికి రెండు తలుపులన్నమాట.

ముందు పని ఆగకూడదు

ఆఖరి తేదీ రేపైనప్పుడు పరిశోధన తర్వాత, పని ముందు. ఆ రాత్రి మేము ముందు రెండో తలుపు వెతికాం.

కంట్రోల్, ఆల్ట్, టి మీటలు కలిపి నొక్కితే ఉబుంటులో టెర్మినల్ తెరుచుకుంటుంది. అందులో 'ఎన్ ఎం టి యు ఐ' అనే అయిదు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కమన్నాను. ఇక్కడ చెప్పే ఆదేశాలన్నీ, ప్రత్యేకంగా చెబితే తప్ప, చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఒక అక్షరాల తెర వచ్చింది. అది నెట్‌వర్క్ మేనేజర్‌కు ఉన్న మరో తలుపు. అందులో కనెక్షన్‌ను ఎంచుకుని, చిరునామా, గేట్‌వే, డీఎన్ఎస్ నంబర్లు ఎక్కించి, కనెక్షన్‌ను ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. నెట్టు వచ్చింది. పదిన్నరకల్లా దరఖాస్తు వెళ్ళిపోయింది.

"మరి ఫార్మాట్ అన్నా?" అన్నాడు.

"ఫార్మాట్ ఎందుకు? తప్పెక్కడుందో చూద్దాం పట్టు. నోటుబుక్కు తెచ్చుకో, చేసిన ప్రతి పనీ రాసుకో" అన్నాను.

చనిపోతూ చెప్పిన మాట

బొమ్మ మీద నొక్కి తెరిచిన ప్రోగ్రామ్ కూలిపోతే ఏమీ చెప్పకుండా పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది చెబుతుంది, వినేవాళ్ళే ఉండరు. అదే ప్రోగ్రామ్‌ను టెర్మినల్‌లో పేరుతో పిలిస్తే చివరి మాట అక్కడే పడుతుంది. 'గ్నోమ్, హైఫన్, కంట్రోల్, హైఫన్, సెంటర్' అని కొట్టమన్నాను. గ్నోమ్ స్పెల్లింగు జి ఎన్ ఓ ఎం ఇ. కిటికీ తెరుచుకుని మాయమైంది. కింద ఒక వాక్యం మిగిలింది: "సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ డంప్డ్".

ఈ మాటకు అర్థమేమిటి? ప్రతి ప్రోగ్రామ్‌కూ మెమరీలో కొంత జాగా కేటాయించి ఉంటుంది. తనది కాని జాగాలో అది చెయ్యి పెడితే లినక్స్ కెర్నెల్ వెంటనే ఆ ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. పక్కవాడి పెట్టె తెరవబోయిన పిల్లవాడిని వార్డెన్ సారు పట్టుకున్నట్టు! మిగతా ప్రోగ్రాములకు హాని కలగకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. ఇక 'కోర్' అంటే ఆ క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ ఎలా ఉందో తీసిపెట్టిన నకలు. 1950, 60 దశకాల్లో కంప్యూటర్ మెమరీని చిన్న అయస్కాంత ఉంగరాలతో చేసేవారు. వాటిని కోర్లు అనేవారు. ఉంగరాలు పోయాయి కానీ పేరు నిలిచింది.

వాక్యం కనపడకపోయినా నంబరు దొరుకుతుంది. ప్రోగ్రామ్ కూలిన వెంటనే 'ఎకో' అని కొట్టి, కొంచెం జాగా వదిలి, డాలర్ గుర్తు, ప్రశ్న గుర్తు పెట్టి ఎంటర్ నొక్కండి. వచ్చే అంకెను ఇలా చదవాలి:

139 వస్తే: సెగ్మెంటేషన్ ఫాల్ట్. 128కి 11 కలిపితే 139. ఈ దోషానికి సిగ్నల్ సంఖ్య 11.
134 వస్తే: సిగ్నల్ 6. ఏదో జరగకూడనిది జరిగిందని ప్రోగ్రామ్ తనంతట తానే ఆగిపోయింది. కారణం సాధారణంగా పై వరుసలోనే రాసి ఉంటుంది.
137 వస్తే: సిగ్నల్ 9. ఎవరో బలవంతంగా ఆపారు. ర్యామ్ చాలనప్పుడు కెర్నెల్ కూడా ఇలా ఆపుతుంది.
127 వస్తే: ఆ పేరుతో ప్రోగ్రామ్ దొరకలేదు, లేదా దానికి కావలసిన లైబ్రరీ ఫైలు దొరకలేదు.

తమ్ముడికి వచ్చింది 139. నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఊరా, వరుసా, గదా?

ఇప్పుడు వరండాలోకి వచ్చి చూడాలి.

మొదట ఊరు, అంటే యంత్రం మొత్తం. 'డి ఎఫ్', జాగా, 'మైనస్ హెచ్' కొడితే డిస్కులో ఎంత చోటు మిగిలిందో తెలుస్తుంది. ఎక్కడైనా నూటికి నూరు శాతం నిండి ఉంటే ప్రోగ్రాములు తమ ఫైళ్ళు రాసుకోలేక వింతగా ప్రవర్తిస్తాయి. అతని డిస్కులో సగం ఖాళీగానే ఉంది. వేరే ప్రోగ్రాములేవీ కూలడం లేదు. అంటే ఊళ్ళో కరెంటు ఉంది.

తర్వాత వరుస. కూలుతున్నది సెట్టింగ్స్ ప్రోగ్రామ్ ఒక్కటే. మరి తప్పు ప్రోగ్రామ్‌లో ఉందా, అతని సొంత ఫైళ్ళలో ఉందా? దీన్ని తేల్చడానికి ఒక మంచి పరీక్ష ఉంది. 'సుడో', జాగా, 'యాడ్‌యూజర్', జాగా, 'పరీక్ష' అని కొట్టి కొత్త వాడుకరిని తయారు చేయాలి. ఆ పేరుతో లాగిన్ అయి అదే ప్రోగ్రామ్ తెరవాలి. అక్కడా కూలితే తప్పు ప్రోగ్రామ్‌దో, వ్యవస్థదో. అక్కడ నడిస్తే తప్పు మన హోమ్ డైరెక్టరీలో ఉంది. పది నిమిషాల పరీక్ష సగం అనుమానాలను తుడిచేస్తుంది.

కొత్త వాడుకరికి సెట్టింగ్స్ చక్కగా తెరుచుకుంది. అన్ని పేజీలూ ఒక్కొక్కటిగా తెరిచి చూశాడు, ఏదీ కూలలేదు. పక్క గదిలో లైటు వెలుగుతోంది! అంటే తప్పు మన గదిలోనే.

గదిలో ఎక్కడ?

మళ్ళీ సొంత పేరుతో లాగిన్ అయ్యాక ప్రోగ్రామ్ పేరు చివర జాగా వదిలి 'నెట్‌వర్క్' అని చేర్చి కొట్టమన్నాను. ఇలా చేస్తే సెట్టింగ్స్ నేరుగా ఆ పేజీలోనే తెరుచుకుంటుంది. ఈసారి కూలలేదు. ఎడమ పక్కనున్న పేజీలను వరుసగా నొక్కుతూ పోయాడు. నేపథ్య చిత్రం మార్చే 'బ్యాక్‌గ్రౌండ్' పేజీ నొక్కగానే మాయమైంది.

గుట్టు ఇక్కడుంది. గ్నోమ్ సెట్టింగ్స్ తాను చివరిసారి ఏ పేజీలో ఉన్నదో గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ తెరిస్తే నేరుగా అదే పేజీకి పోతుంది. ఆ పేజీలోనే గుంత ఉంటే ప్రతిసారీ అందులోనే పడుతుంది. చూసేవాళ్ళకు మొత్తం సెట్టింగ్సే పాడైనట్టు కనిపిస్తుంది. నిజానికి ఇరవై పేజీల్లో చెడింది ఒక్కటే!

ఆ గుర్తును చెరపడానికి ఆదేశం ఉంది: 'జి-సెట్టింగ్స్' (మధ్యలో హైఫన్ లేకుండా, జి తర్వాత సెట్టింగ్స్ కలిపి), జాగా, 'రీసెట్', జాగా, 'ఆర్గ్ డాట్ గ్నోమ్ డాట్ కంట్రోల్‌సెంటర్', జాగా, 'లాస్ట్ హైఫన్ ప్యానెల్'. ఇందులో కంట్రోల్‌లోని సి, సెంటర్‌లోని సి పెద్ద అక్షరాలు. కొత్త గ్నోమ్‌లలో కంట్రోల్‌సెంటర్‌కు బదులు పెద్ద ఎస్‌తో 'సెట్టింగ్స్' అని రాయాలి.

ఇంతకీ ఆ పేజీ ఎందుకు కూలుతోంది? "ఈ మధ్య నేపథ్య చిత్రం ఏమైనా మార్చినవా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "పోయినసారి హాస్టల్ వార్షికోత్సవం ఫోటో పెన్‌డ్రైవ్‌ల నుంచి ఎక్కించిన. అది ఎక్కుతుండంగనే పెన్‌డ్రైవ్ గుంజిన అన్నా" అన్నాడు.

మనం చేర్చిన చిత్రాలను ఆ పేజీ 'డాట్ లోకల్' లోపల 'షేర్' లోపల 'బ్యాక్‌గ్రౌండ్స్' అనే ఫోల్డర్‌లో దాచుకుంటుంది. అందులో సగమే ఎక్కిన ఆ ఫోటో ఉంది. దాన్ని తీసేయలేదు, డెస్క్‌టాప్ మీదికి జరిపాడు. సెట్టింగ్స్ తెరిచాడు. బ్యాక్‌గ్రౌండ్ పేజీ తెరుచుకుంది. నమ్మకం కుదరడానికి ఫోటోను మళ్ళీ పాత చోట పెట్టి చూడమన్నాను. కూలింది. తీశాడు. నడిచింది. కారణమనుకున్నదాన్ని పెట్టి, తీసి, రెండు విధాలా చూసినప్పుడే అది కారణమని రుజువవుతుంది.

తప్పు ఎవరిది?

"అయితే నాదే తప్పన్నట్టు" అన్నాడు. ఇక్కడే నేను ఒప్పుకోలేదు. పెన్‌డ్రైవ్ తొందరగా తీయడం పొరపాటే. కానీ సగం ఫోటో ఎదురైతే "ఈ చిత్రాన్ని చదవలేకపోతున్నాను" అని చెప్పి ముందుకు పోవాల్సిన బాధ్యత ప్రోగ్రామ్‌ది. చెడ్డ ఫైలును చూసి కుప్పకూలడం ప్రోగ్రామ్ లోపమే.

దీనికి మన తెలుగు వాళ్ళమంతా గుర్తుంచుకోదగిన ఉదాహరణ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞానం' అనే మాటలోని 'జ్ఞా' అక్షరం, కంటికి కనపడని ఒక సంకేతంతో కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు, మ్యాక్ కంప్యూటర్లలో ప్రోగ్రాములు కూలిపోయేవి. లోకమంతా దాన్ని 'తెలుగు అక్షరం బగ్' అని పిలిచింది. తప్పు మన అక్షరానిదా? కాదు. అక్షరాలను తెర మీద గీసే సాఫ్ట్‌వేర్‌ది. యాపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. తెలుగు రాయడం మానమని ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

మీ కంప్యూటర్‌లో కారణం వేరే కావచ్చు

అన్ని కూలిపోవడాలకూ ఫోటో కారణం కాదు. తరచుగా కనిపించే మరికొన్ని కారణాలు, వాటిని పట్టుకునే దారులు ఇవి:

1. సగంలో ఆగిన అప్‌డేట్. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోతే కొన్ని ప్యాకేజీలు కొత్తవి, కొన్ని పాతవి మిగులుతాయి. ఉబుంటులో 'సుడో డి-పి-కె-జి, మైనస్ మైనస్ కాన్ఫిగర్, మైనస్ ఏ' అనే ఆదేశం ఆగిన పనిని పూర్తి చేస్తుంది. ఆ తర్వాత అవసరమైతే 'ఆప్ట్ ఇన్‌స్టాల్'కు 'మైనస్ మైనస్ రీఇన్‌స్టాల్' చేర్చి, కూలుతున్న ప్రోగ్రామ్ ఒక్కదాన్నే మళ్ళీ ఎక్కించవచ్చు. దీనికి డిస్క్ ఫార్మాట్ అక్కర్లేదు.

2. భాష అమరిక. ప్రోగ్రామ్ పేరుకు ముందు 'ఎల్ సి అండర్‌స్కోర్ ఏ ఎల్ ఎల్ ఈక్వల్ టు సి' అని, అన్నీ పెద్ద అక్షరాల్లో చేర్చి, జాగా వదిలి ప్రోగ్రామ్ పేరు కొట్టి నడపండి. అప్పుడు నడిస్తే లోపం అనువాదంలోనో, భాష అమరికలోనో ఉందని అర్థం.

3. ఫైళ్ళ యాజమాన్యం. బొమ్మల ప్రోగ్రాములను సుడోతో నడిపితే ఒక్కోసారి మన హోమ్ డైరెక్టరీలో రూట్ పేరుతో ఫైళ్ళు పుడతాయి. తర్వాత వాటిని మనమే మార్చలేం. 'ఎల్ ఎస్, మైనస్ ఎల్' కొడితే ఏ ఫైలు ఎవరిదో కనిపిస్తుంది.

4. పైథాన్ మార్పు. ఉబుంటులోని 'సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్' వంటి సాధనాలు వ్యవస్థతో వచ్చిన పైథాన్ మీద ఆధారపడతాయి. కొత్త పైథాన్ మోజులో పాతదాన్ని తీసేసినా, దాని స్థానంలో వేరేదాన్ని నిలబెట్టినా అవి తెరుచుకోవు. కొత్తది కావాలంటే పక్కన పెట్టుకోండి, పాతదాన్ని కదపకండి.

5. ర్యామ్ చెడిపోవడం. ఇవాళ ఒక ప్రోగ్రామ్, రేపు మరొకటి, ఒక క్రమం లేకుండా కూలుతుంటే యంత్రాన్నే అనుమానించాలి. 'మెమ్‌టెస్ట్86 ప్లస్'తో రాత్రంతా ర్యామ్ పరీక్షించండి. అది ఊరి లైను సంగతి.

వీటిలో ఏదో తెలియనప్పుడు వ్యవస్థ డైరీని చదవండి. 'జర్నల్‌సీటీఎల్, మైనస్ బి, మైనస్ ఇ' కొడితే ఈసారి కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచి రాసిన చిట్టాలో చివరి పేజీ వస్తుంది. ప్రోగ్రామ్ కూలిన సమయాన్ని గడియారంలో చూసి పెట్టుకుంటే ఆ నిమిషం దగ్గర ఏం రాసి ఉందో వెతకడం సులువు.

పాటించవలసిన మూడు నియమాలు

ఒకటి, ఒకసారి ఒక్కటే మార్చాలి. మూడు మార్పులు కలిపి చేస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. రెండు, తీసేయడం కన్నా పేరు మార్చడం మేలు. 'ఎం వి' ఆదేశంతో ఫైలు పేరు చివర 'పాత' అని చేర్చండి. తప్పైతే వెనక్కు తెచ్చుకోవచ్చు. మూడు, ఏం చేశామో రాసుకోవాలి. రేపు అదే తప్పు ఇంకొకరికి వస్తే మీ నోటుబుక్కే వాళ్ళకు గురువు.

దొరికిన తప్పును ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళకు తెలియజేయడం కూడా మన పనే. లినక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని సోర్సు కోడు ఎవరైనా చూడవచ్చు, సరిచేయవచ్చు. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ విద్యార్థులతో కలిసి లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేసింది. తప్పు తెలిపేటప్పుడు అయిదు సంగతులు రాస్తే చాలు: ఏ లినక్స్, ఏ వెర్షన్, ఏమేం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. "పని చేస్తలేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ అర్థం కాదు. "సగం ఎక్కిన ఫోటో ఈ ఫోల్డర్‌లో ఉంటే ఈ పేజీ కూలుతోంది, తీస్తే నడుస్తోంది" అని రాస్తే పని సగమైనట్టే. తమ్ముడు తన నోటుబుక్కు చూసి ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో తానే రాసి పంపాడు. ఆ చిన్న ఉత్తరం రాయడానికి అతనికి గంట పట్టింది. ఆ గంట వృథా పోలేదని నా నమ్మకం.

ముగింపు

ఆ రాత్రి ఫోన్ పెట్టేసరికి పన్నెండు దాటింది. దరఖాస్తు వెళ్ళింది, ప్రాజెక్టు మిగిలింది, ఫార్మాట్ తప్పింది. వీటన్నింటికన్నా "నేనే ఖరాబు చేసిన" అన్న మాట పోయి "ఎక్కడుందో చూస్త" అన్న మాట వచ్చింది. వారం తర్వాత పక్క గది మిత్రుడి ల్యాప్‌టాప్‌కు తానే మందు వేశానని చెప్పాడు.

తమ్ముళ్ళూ, యంత్రం ఊరికే ఆగదు. ఆగే ముందు ఏదో ఒక మాట చెబుతుంది. ఆ మాట వినడానికి డబ్బు అక్కర్లేదు, పెద్ద డిగ్రీ అక్కర్లేదు. బల్బు ఊడదీసే ముందు ఒక్కసారి వరండాలోకి వచ్చి చూడండి.

అభ్యాసం

1. మీకు అందుబాటులో ఉన్న లినక్స్ కంప్యూటర్‌లో ఏదైనా ఒక ప్రోగ్రామ్‌ను టెర్మినల్ నుంచి తెరిచి, మూసి, ఎకో ఆదేశంతో అంకె చూడండి. సరిగ్గా ముగిస్తే ఏ అంకె వస్తుంది?

2. ఒక మిత్రుడి కంప్యూటర్‌లో కొత్త వాడుకరికి కూడా సెట్టింగ్స్ కూలుతోంది. తప్పు గదిదా, వరుసదా? తర్వాత ఏం చూస్తారు?

3. ఈ నెలలో మీకు ఎదురైన ఒక తప్పును పై అయిదు సంగతులతో అయిదు వాక్యాల్లో రాయండి.

(మొదటి ప్రశ్నకు జవాబు: 0. మిగతా రెండూ మీ నోటుబుక్కుకే వదిలేస్తున్నాను.)

— ఒక పూర్వ విద్యార్థి